ఆవలి ఒడ్డు ఎంత దూరం?

దూరపు కొండలు నునుపు అన్నారు మన పెద్దలు. పెరటి చెట్టు మందుకు రాదు అన్నదీ వారే. దూరంగా ఉన్నదానిని కన్ను సరిగా చూడలేదని మొదటి సామెత చెబుతున్నది. మరీ దగ్గరగా ఉన్నదానిని మనసు సరిగా చూడదని రెండవది చెబుతున్నది. ఈ రెండు సామెతలను పక్కపక్కన ఉంచి ఆలోచిస్తే, దూరమనేది మనం అనుకొన్నంత సులభంగా కొలతకు లొంగేది కాదని తెలుస్తుంది. గజాలకు, మైళ్లకు, కిలోమీటర్లకు అందే దూరం ఒకటి. వాటికి అందని దూరం మరొకటి. ఈ రెండవ దూరాన్ని గురించి నాలుగు మాటలు చెప్పటానికి మేము ఆఫ్రికా ఖండంలోని రెండు నగరాలను ఎన్నుకొన్నాము. తెలుగు ఉపన్యాసకునికి ఆఫ్రికా భూగోళంతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. వ్యాసం చివరి దాకా ఓపిక పట్టవలసిందిగా వారిని కోరుతున్నాము.

గత సంవత్సరం మన కళాశాలలో జరిగిన సామాన్య విజ్ఞాన పోటీకి ప్రశ్నలు తయారుచేసే పని మాకు అప్పగించబడింది. అందులో ఒక ప్రశ్న ఇది: ప్రపంచంలో ఒకదానికొకటి అతి సమీపంగా ఉన్న రెండు దేశ రాజధానులు ఏవి? రోము నగరం నడుమనే ఉన్న వాటికన్‌ను మినహాయిస్తే, దీనికి సమాధానం కిన్షాసా, బ్రజావిల్. మొదటిది కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానికి రాజధాని. రెండవది కాంగో గణతంత్రానికి రాజధాని. రెండూ కాంగో నది ఒడ్డుననే, ఎదురెదురుగా ఉన్నవి. పోటీ ముగిసిన తరువాత డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు మా వద్దకు వచ్చి, "సార్, ఆ ఊరి నుండి ఈ ఊరికి విమానంలో ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు. అతని అన్న గల్ఫులో పని చేస్తున్నాడు. ఏ ఊరికి ఎన్ని గంటల ప్రయాణమో ఆ ఇంటిలో అందరికీ కంఠస్థం. కావున అతనికి ఆ ప్రశ్న సహజమైనదే.

గ్రంథాలయం నుండి అట్లాసు తెప్పించి, మా అలవాటు చొప్పున దారం తీసుకొని కొలవబోయాము. దారం పరచటానికి చోటే లేదు. రెండు చుక్కలు ఒకదానిమీద ఒకటి పడినట్లు అంటుకొని ఉన్నవి. అచ్చు వేసినవారికి కూడ ఇబ్బంది కలిగినట్లున్నది. ఒక పేరు చుక్కకు పైన, మరొక పేరు చుక్కకు కింద వేసి సరిపెట్టారు. నడుమ నీలిగీత ఒకటి సన్నగా పోతున్నది. ఆ గీతే కాంగో నది.

అయినను లెక్క లెక్కే. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని మనం చిన్న తరగతులలోనే నేర్చుకొన్నాము. కిన్షాసా విమానాశ్రయం పేరు న్‌జిలి. బ్రజావిల్ విమానాశ్రయం పేరు మాయా-మాయా. ఈ రెంటి నడుమ తిన్నని గీతలో దూరం సుమారు 26 కి.మీ. జెట్ విమానం గంటకు 800 కి.మీ. వేగంతో పోతుందనుకొంటే, ఈ దూరం దాటటానికి రెండు నిమిషాలు కూడ పట్టదు. కాని విమానం నేలను వదలిన క్షణముననే ఆ వేగం అందుకొనలేదు. పైకి లేవవలెను, మలుపు తిరగవలెను, ఆవలి రన్‌వేకు ఎదురుగా వచ్చి దిగవలెను. కాబట్టి పది పదిహేను నిమిషాలు అనుకొనటం న్యాయం. మరి ఆ పది పదిహేను నిమిషాల కోసం ముందుగా విమానాశ్రయం చేరి గంటల తరబడి వేచి ఉండాలి. పాస్‌పోర్టు, వీసా, పచ్చజ్వరం టీకా వేయించుకొన్నట్లు ధ్రువపత్రం చూపాలి. దిగిన తరువాత మళ్లీ అదే వరుస. విమానం గాలిలో ఉన్న కాలం కంటె ప్రయాణికుడు వరుసలో నిలిచిన కాలమే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంటి గడప నుండి గడపకు లెక్కిస్తే పూట గడిచిపోతుంది.

ఈ లెక్కను మరి రెండు లెక్కల పక్కన పెట్టి చూడాలి. కిన్షాసా నుండి అదే దేశంలోని లుబుంబాషి నగరానికి గాలిమార్గంలో సుమారు 1,570 కి.మీ. విమానానికి రెండు గంటలకు పైన పడుతుంది. గడియారం కూడ మారుతుంది; లుబుంబాషిలో కాలం కిన్షాసా కంటె ఒక గంట ముందు నడుస్తుంది. అయినను కిన్షాసావాసికి అది స్వదేశం. వీసా అక్కరలేదు. ఇటు బ్రజావిల్ నుండి సముద్రతీరాన ఉన్న పోయింట్-న్వార్ సుమారు 380 కి.మీ. దూరం, విమానంలో గంటకు లోపే. అదీ స్వదేశమే. కంటికి కనబడే ఎదుటి ఒడ్డు మాత్రం పరదేశం! అక్కడా ఇక్కడా గడియారం ఒకే గంట కొడుతుంది. సూర్యుడు ఒకేసారి ఉదయిస్తాడు, ఒకేసారి అస్తమిస్తాడు. సూర్యునికి లేని సరిహద్దు మనిషికి ఎక్కడి నుండి వచ్చింది?

దీనికి సమాధానం చరిత్రలో ఉన్నది. అంతకంటె ముందు నదిని గురించి కొంత తెలుసుకొనాలి. కాంగో నది పొడవు సుమారు 4,700 కి.మీ. ప్రవహించే నీటి పరిమాణంలో ప్రపంచంలో అమెజాన్ తరువాతి స్థానం దీనిదే. సముద్రానికి ఇంకా కొన్ని వందల కిలోమీటర్లు ఉన్నదనగా ఈ నది విశాలమై సరస్సువలె పరచుకొంటుంది. ఆ సరస్సును నేడు పూల్ మలేబో అంటారు. పూర్వం యూరోపియనులు స్టాన్లీ పూల్ అన్నారు. అక్కడి నుండి దిగువకు రాళ్లు, సుడులు, జలపాతాలు. ఓడ సాగదు. ఎగువకు మాత్రం వేల కిలోమీటర్ల జలమార్గం అడవుల నడుమ తెరచుకొని ఉన్నది. కావున సరుకు దింపుకొనక తప్పని చోటు ఆ సరస్సు ఒడ్డే. యూరోపియనులు రాకపూర్వమే తెకె జాతి వర్తకులు ఆ నీటి రెండు ఒడ్డులలోను సంతలు నడిపేవారు. వారికి నది బజారు నడిమి వీధి వంటిది. ఈ గట్టున దంతం, ఆ గట్టున బట్ట, నడుమ పడవలు.

1880లో పియేర్ సవోర్న్యాఁ ద బ్రాజా ఫ్రాన్సు పక్షాన అక్కడికి వచ్చి తెకె ప్రభువైన మకోకోతో ఒడంబడిక చేసుకొన్నాడు. ఉత్తరపు ఒడ్డున వెలసిన నగరానికి ఆయన పేరే పెట్టారు. 1881లో హెన్రీ స్టాన్లీ బెల్జియం రాజు లియోపోల్డు పక్షాన వచ్చి దక్షిణపు ఒడ్డున స్థావరం వేశాడు. దానికి లియోపోల్డ్‌విల్ అని పేరు. 1884 నవంబరు నుండి 1885 ఫిబ్రవరి వరకు బెర్లినులో సమావేశమైన రాజ్యాలలో ఆఫ్రికావారి ప్రతినిధి ఒక్కడూ లేడు. ఆ కాలంలో కుదిరిన ఒప్పందాల మూలంగా నది ఒక ఒడ్డు ఒకరికి, మరొక ఒడ్డు మరొకరికి స్థిరపడింది. వర్తకులకు వీధిగా ఉన్న నీరు రాజులకు గోడ అయింది.

గోడ కట్టినవారు దానికి తగిన ఖర్చు కూడ పెట్టారు. ఖర్చు వారిది కాదు, ప్రాణాలు అక్కడివారివి. జలపాతాలను తప్పించి సముద్రం చేరటానికి బెల్జియంవారు మటాడి నుండి రైలు మార్గం వేసి 1898లో పూర్తి చేశారు. ఆ రైలు మీద ఆధారపడటం ఫ్రెంచివారికి సమ్మతం కాలేదు. తమ ఒడ్డు నుండి తమ రైలే కావాలన్నారు. 1921 నుండి 1934 వరకు బ్రజావిల్ - పోయింట్-న్వార్ మార్గం వేశారు. బలవంతపు చాకిరీకి తోలుకొని వచ్చిన కూలీలలో మరణించినవారు 17,000కు తక్కువ కాదని అంచనా. ఒకే నది పక్కన, ఒకే సముద్రానికి రెండు రైళ్లు! రెండవ దానికి అన్ని ప్రాణాలు బలి! ఈ సంగతి మొదటిసారి చదివిన నాడు మేము పుస్తకం మూసి కొంతసేపు ఊరకే కూర్చున్నాము. పొరుగువానిపై ఆధారపడకుండా ఉండటానికి మనిషి ఎంత మూల్యమైనా చెల్లించగలడు, తన చేతిది కానప్పుడు.

1960 జూన్ 30న దక్షిణపు ఒడ్డు స్వతంత్రమైంది. అదే సంవత్సరం ఆగస్టు 15న, మన స్వాతంత్ర్య దినం నాడే, ఉత్తరపు ఒడ్డు స్వతంత్రమైంది. రెండు దేశాలూ కాంగో అనే పేరునే ఉంచుకొన్నవి. ఏ కాంగో అని అడిగితే రాజధాని పేరు చేర్చి చెప్పవలసి వచ్చింది. పాలకులు వెళ్లిపోయారు, వారు గీసిన గీత మిగిలింది. 1966లో లియోపోల్డ్‌విల్ పేరు కిన్షాసాగా మారింది. నగరం పేరు మార్చటం సులభం. గీత చెరపటం సులభం కాలేదు.

ఈ నగరం పేరు మేము మొదట విన్నది పుస్తకంలో కాదు. మా చిన్నతనంలో మా వీధిలో ఒక వృద్ధ సైనికుడు ఉండేవారు. ఆయనను పిల్లలమందరము ఫౌజీ దాదా అని పిలిచేవారము. 1960 జూలైలో ఐక్యరాజ్యసమితి సేన కాంగోలో అడుగు పెట్టింది. ఆ సేనలో భారతీయులు చాలమంది పని చేశారు. 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో, అనగా నేటి లుబుంబాషిలో, ప్రాణమర్పించిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకు పరమవీరచక్రం లభించిన సంగతి విద్యార్థులు ఎరుగుదురు. మా ఫౌజీ దాదా యుద్ధరంగం చూచినవారు కారు. ఆయనది సరఫరా విభాగం. కొన్ని నెలలు లియోపోల్డ్‌విల్‌లో ఉన్నారు. అరుగు మీద కూర్చుండి చెప్పేవారు: "సాయంకాలం నది ఒడ్డున కూర్చుంటే అవతలి ముల్కు దీపాలు కనబడేవి బేటా. లెక్కపెట్టుకొనేటంత దగ్గర. కాని అక్కడికి పోయే హుకుం మాకు లేదు. ఇక్కడి నుండి అంత దూరం పోయినవాణ్ణి, ఆ నాలుగడుగులు పోలేకపోయినాను." అప్పుడు మాకు ఇది నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు తలచుకొంటే నవ్వు రాదు.

నేటికీ జనం ప్రధానంగా పడవలలోనే దాటుతున్నారు. రేవు నుండి రేవుకు వేగపు పడవ పది నిమిషాలలోపే చేరుతుంది. పెద్ద పడవకు మరి కొంతసేపు. అది కూడ పగటి పూట మాత్రమే. కాగితాలు చూపే పని, సరుకు చూపే పని, సుంకం చెల్లించే పని పడవ ప్రయాణం కంటె దీర్ఘమైనవి. ఈ రేవులలో ఒక విశేషమున్నది. కాళ్లు లేనివారు, పోలియో సోకినవారు చేతితో తిప్పే మూడు చక్రాల పెద్ద బండ్లమీద సరుకు వేసుకొని ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు వ్యాపారం చేయటం చిరకాలం వాడుకలో ఉండేది. వికలాంగులకు పడవ ఛార్జీలోను, సుంకంలోను రాయితీ లభించటమే దానికి కారణం. నడవలేనివారు రెండు దేశాలను కలిపే వర్తకులయ్యారు. నడవగలిగినవారు వరుసలో నిలబడ్డారు. కోటికి మించిన జనమున్న కిన్షాసాకు, సుమారు 20 లక్షల జనమున్న బ్రజావిల్‌కు నడుమ ఆ బండ్ల చక్రాలు చేసిన సేవ చిన్నది కాదు.

నది గోడగా నిలిచిన మాట నిజమే. అయితే అన్నింటికీ గోడగా నిలువలేదు. 1997లో బ్రజావిల్‌లో అంతర్యుద్ధం చెలరేగినప్పుడు ఫిరంగి గుండ్లు నది దాటి కిన్షాసాలో పడినవి. వాటికి వీసా ఎవరూ అడగలేదు. ప్రాణాలు అరచేత పట్టుకొని వేలమంది జనం పడవలలో ఈ ఒడ్డుకు వచ్చారు. 2014లో సంగతి తిరగబడింది. బ్రజావిల్‌లో ఉంటున్న ఆవలి ఒడ్డువారిని పోలీసులు వెదకి పంపివేశారు. లక్షకు పైగా మనుషులు మూటాముల్లె సర్దుకొని నది దాటవలసి వచ్చింది. ఆ పోలీసు చర్యకు పెట్టిన పేరు లింగాల భాషలో "పెద్దల చెంపదెబ్బ" అని అర్థమిచ్చేది. కొట్టినవారి భాషా లింగాలే, దెబ్బ తిన్నవారి భాషా లింగాలే. పేరుకు అర్థం ఎవరూ ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. ఒకే భాషలో తిట్టుకొనటం కంటె వేరు భాషలలో పలకరించుకొనటం మేలని అప్పుడు మాకు అనిపించింది.

అయితే అదే భాషలో పాట కూడ ఉన్నది. రెండు ఒడ్డులవారూ తమదిగా చెప్పుకొనే కాంగో రుంబా సంగీతం ఈ నది మీదనే పెరిగింది. 1956లో లియోపోల్డ్‌విల్‌లో స్థాపించబడిన ఓకే జాజ్ బృందం తొలి సభ్యులలో బ్రజావిల్ నుండి వచ్చిన జాఁ సెర్జ్ ఎస్సూ ఒకరు. 1959లో బ్రజావిల్‌లో లె బాంటూ ద లా కాపిటాల్ బృందం ఏర్పడినప్పుడు ఆయన అందులోను ఉన్నారు. ఈ ఒడ్డున నేర్చినది ఆ ఒడ్డున పాడారు. 2021 డిసెంబరులో యునెస్కో కాంగో రుంబాను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది. దరఖాస్తు పెట్టుకొన్నది ఒక దేశం కాదు. రెండు కాంగోలు కలిసి. సుంకంలో, సరిహద్దులో, పోలీసు చర్యలో కలవని ప్రభుత్వాలు పాట దగ్గర కలిసి సంతకం చేసినవి.

వంతెన సంగతి ఏమిటని పాఠకులు అడుగుదురు. ఇంతవరకు ఆ రెండు నగరాల నడుమ వంతెన లేదు. 2018 నవంబరులో జొహానెస్‌బర్గులో ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు ప్రాపకంలో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకొన్నవి. నగరాలకు ఎగువన, నది ఇరుకైన చోట, 1,575 మీటర్ల పొడవున రోడ్డు, రైలు మార్గాలతో వంతెన కట్టాలని ఆలోచన. ఒకటిన్నర కిలోమీటరు! మన ఊళ్లలో పిల్లలు బడికి నడిచే దూరం. దాని కోసం తరాలు గడచినవి. ఇంజనీర్లకు ఇది అసాధ్యం కాదు. రైలు మార్గాలకు కొండలు తొలిచిన శతాబ్దం దాటి పోయింది. వంతెన వస్తే పెద్ద నగరం చిన్న నగరాన్ని మింగుతుందేమో, మా రేవు వ్యాపారం మీ రేవుకు తరలిపోతుందేమో అన్న శంకలు రెండు ఒడ్డులలోను ఉన్నవి. అవి పూర్తిగా నిరాధారమైనవి కూడ కావు. కాని శంక తీరేది వంతెన వేయకుండా కాదు. ఎవరి వాటా ఎంత అని కూర్చుండి మాట్లాడుకొనటం వల్ల.

ఇక ఈ కథతో మాకేమి పని అన్న ప్రశ్నకు వద్దాము. మేము ఇంటిలో ఉర్దూ మాట్లాడుకొనే కుటుంబంలో పుట్టి, తెలుగులో ఎం.ఏ. చదివి, తెలుగు చెప్పి జీవిస్తున్నాము. సాహిత్య సభలలో మా పేరు విన్నవారు, "మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అని ఆదరంతోనే అడుగుతారు. పెళ్లిళ్లలో మా బంధువులు, "తెలుగు ఎందుకు తీసుకొన్నావు బాబూ?" అని ప్రేమతోనే అడుగుతారు. రెండు ప్రశ్నలలోను మనసు మంచిదే. కాని రెండింటిలోను ఒక నమ్మకమున్నది: ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు చాల దూరమని. మా అమ్మ కూరగాయల గంపవాళ్లతో తెలుగులో బేరమాడి, ఆ డబ్బు ఉర్దూలో లెక్కపెట్టుకొనేది. ఆమెకు నడుమ నది కనబడలేదు. తెకె వర్తకుల వలె ఆమెకు అది వీధి మాత్రమే. నది ఎక్కడున్నదో చదువుకొన్నవారమే కనిపెట్టి చెబుతున్నాము.

మన వార్షిక సంచికనే చూడండి. ఉర్దూ పుటలు కుడి అట్ట నుండి, తెలుగు పుటలు ఎడమ అట్ట నుండి మొదలై నడుమ కలుసుకొంటున్నవి. ఆ చోట ఉర్దూ చివరి పుటకు, తెలుగు చివరి పుటకు మధ్య దూరం ఒక కాగితం. అయినను ఎన్ని సంవత్సరాలుగా మన విద్యార్థులు ఎవరి సగం వారు చదువుకొని సంచిక మూసివేస్తున్నారో ఎవరికి వారు ఆలోచించుకొనవచ్చు. కళాశాల కమిటీ పెద్దలకు మేము సవినయంగా ఒక సూచన చేస్తున్నాము. వచ్చే సంచికలో ఉర్దూ విభాగం నుండి రెండు రచనలు తెలుగులోకి, తెలుగు విభాగం నుండి రెండు రచనలు ఉర్దూలోకి విద్యార్థుల చేతనే అనువాదం చేయించి ప్రకటించాలి. అనువాదకులిద్దరూ, ఒకరు ఈ విభాగం నుండి, ఒకరు ఆ విభాగం నుండి, ఒకే బల్ల దగ్గర కూర్చుని పని చేయాలి. దీనికి ఖర్చు నాలుగు పుటల కాగితం. అనువాదం సరిచూచే బాధ్యత తెలుగు వైపున మేము తీసుకొంటాము. ఉర్దూ శాఖ మిత్రులు కాదనరని మా నమ్మకం.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. పోటీ పరీక్షలలో రెండు నగరాల మధ్య దూరం అడిగితే కిలోమీటర్లలో వ్రాయండి. ప్రయాణకాలం అడిగితే నిమిషాలలో వ్రాయండి. మార్కులు దానికే వస్తాయి. ఆ తరువాత మాత్రం మరి మూడు ప్రశ్నలు మీకు మీరే వేసుకొనండి. ఆ దారి ఎవరికి తెరచి ఉన్నది? ఎవరికి మూసి ఉన్నది? మూసినది ఎవరు? ఈ మూడు ప్రశ్నలు వేయటం నేర్చినవానికి భూగోళమూ చరిత్రా వేరు వేరు పుస్తకాలుగా కనబడవు. పొరుగువాడు పరదేశిగా కనబడడు.